బల్ల కింద స్విచ్చి

“ఆ పెట్టె నిండా సినిమాలు కుక్కి పెట్టుకుంటే అది మాత్రం ఎట్లా లేస్తుంది?” అన్నాను.

“సినిమాలెక్కడున్నాయి అత్తయ్యా? ఒక్కటి చూపించండి. కొత్తది కొందామంటే, పాతది చాలు పాతది చాలని వారం రోజులు మమ్మల్ని తిననీయంది మీరేగా?”

“ఇప్పటికీ చాలనే అంటాను. తెరుచుకునేదాకా కాస్త ఓపిక పట్టాలి. అది లేదు మీకు.”

“నాకు ఉందండీ ఓపిక. మా కంపెనీకే లేదు.”

“అయితే మానెయ్. ఆ పెట్టె తగలబడిపోతే ఈ ఇంటికి పీడా వదులుతుంది. మనుషులు అటూ ఇటూ నడవడానికి దారన్నా మిగులుతుంది.”

కోడలు నోరు మూసుకుంది. ఆ అమ్మాయి ఎదురు మాట్లాడినంతసేపూ నాకు బాగానే ఉంటుంది. మాట్లాడ్డం మానేసిందంటే తగలాల్సిన చోట తగిలిందన్న మాట. ల్యాప్‌టాప్ తెర మీద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. గోడ గడియారం ఎనిమిదింపావు చూపిస్తోంది. ఎనిమిదిన్నరకల్లా ఆమె పనిలో హాజరు పడాలి. ఆ చుక్కలు తిరగడం ఆగి, పెట్టె తెరుచుకుని, ఆమె హాజరు పడేసరికి తొమ్మిదీ పది అయింది.

అదే ఆఖరి అవకాశమని మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పింది. నాతో కాదు, ఫోనులో వాళ్లమ్మతో. వాళ్ల కంపెనీ హైదరాబాదులో ఉంది. ఆసుపత్రుల బిల్లులు సరిచూసే పని. మనిషిని చూడకుండానే పనిలో పెట్టుకున్నారు, ఇంట్లోంచే చేసుకోమన్నారు. మిషను మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలట. ఆ నెలలో మూడుసార్లు ఆలస్యమైంది. ఇంకొక్కసారి అయితే ఇంట్లోంచి పని కుదరదనీ, హైదరాబాదు ఆఫీసుకు వచ్చి కూర్చోవాల్సిందేననీ పైఅధికారిణి రాసి పంపింది. నా కోడలికి అప్పుడు ఐదో నెల. అంతకుముందు ఒకటి నిలవలేదు. ప్రయాణం మాట తలపెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంటే ఇంకొక్క పొద్దున ఆ పెట్టె మొరాయిస్తే ఉద్యోగం పోయినట్టే. పెళ్లయ్యాక డిగ్రీ పూర్తి చేసి, మూడేళ్లు ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి తెచ్చుకున్న ఉద్యోగం అది.

ఆ ఆఖరి అవకాశం సంగతి తప్ప ఇవన్నీ నాకు పొద్దున్నే తెలుసు. తెలిసే ‘మానెయ్’ అన్నాను.

అంత మాట ఎందుకన్నానో చెప్పాలంటే మా వాటా ఎలా ఉంటుందో చెప్పాలి. విజయవాడ వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ల వెనక సందులో, పాత మేడ మీద, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి మూడు గదులు. ముందు గది, నడిమి గది, వంటిల్లు. స్నానాల గది మాత్రం ముందు వరండాలో, మెట్ల పక్కన. ఎటు పోవాలన్నా ముందు గదిలోంచే పోవాలి. ఫోను సిగ్నలు ఆ గదిలోనే బాగా వస్తుందని కోడలు బల్ల అక్కడే వేసుకుంది. గోడకు ముఖం పెట్టి కూర్చుంటుంది. పెట్టెకున్న కెమెరా కన్ను ఆమె భుజం మీదుగా నేరుగా నడిమి గది గుమ్మాన్ని చూస్తుంది. తొమ్మిదింటికి మీటింగు మొదలైతే పదిన్నర, ఒక్కో రోజు పదకొండు. అంతసేపూ నేను నడిమి గదిలో మంచం మీద కూర్చోవాలి. కుక్కరు పెట్టకూడదు, దగ్గకూడదు, గుమ్మంలోకి రాకూడదు. డెబ్బై దాటిన మనిషిని. స్నానాల గదికి పోవాలంటే ముఖం తెలియని వాళ్ల సెలవు కావాల్సి వచ్చింది. ఆలస్యంగా హాజరైన రోజు ఆ పని కూడా పైన పడి మీటింగు ఇంకా సాగేది. అందుకని ఆ పెట్టె అంటే నాకు ఒళ్లు మంట. ఆ మంట నేనెప్పుడూ దాచుకోలేదు.

ఆ పొద్దున తర్వాత కోడలు తెల్లవారుజామున ఐదున్నరకే లేచి దాని మీట నొక్కడం మొదలుపెట్టింది. నొక్కి, పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చునేది. గంట దాటితే గానీ అది లేచేది కాదు. కడుపుతో ఉన్న పిల్ల నిద్ర చాలక కళ్ల కింద నలుపు తెచ్చుకుంది.

అబ్బాయి కూడా తనకు తెలిసినవన్నీ చేశాడు. నా కొడుకు కొండపల్లి దగ్గర కరెంటు తయారుచేసే చోట కాంట్రాక్టు పని చేస్తాడు. అంచేత కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ తన చెప్పుచేతల్లో ఉంటుందని వాడి నమ్మకం. డ్యూటీ నుంచి వచ్చి సెల్లులో వీడియోలు చూసి, వాటిలో చెప్పినట్టు చేసేవాడు. మొదట పెళ్లి ఫొటోలన్నీ తీసి వేరేచోట పెట్టాడు. తర్వాత, తెరుచుకున్నప్పుడు తమంతట తామే లేచి కూర్చునేవి కొన్ని ఉంటాయట, వాటిని ఆపేశాడు. ఆ తర్వాత వైరస్‌ల కోసం వెతికాడు. ఒక ఆదివారం వెనక మరలు విప్పి, లోపలి ఫ్యాను మీది దుమ్ము పెయింటు బ్రష్షుతో దులిపాడు. నేను పాత మల్లుగుడ్డ ముక్క ఇచ్చాను. ఇన్ని చేసినా అది మర్నాడు అరగంటలో లేస్తే, ఆ మర్నాడు గంటన్నర పట్టేది.

“దీని బ్యాటరీ చచ్చిపోయిందమ్మా. తీగ మీదే బతుకుతోంది” అన్నాడు.

“ఎట్లాగూ బల్ల మీదేగా ఉండేది. బ్యాటరీ ఎందుకు దానికి?” అన్నాను. కొన్నప్పుడూ ఆ మాటే అన్నాను. ఆ మోడలుకి బ్యాటరీ దొరకడం కష్టమని కొట్టువాడు చెప్పినా, ఫరవాలేదు తీసుకోమన్నది నేనే. పాతదాన్ని బాగుచేసుకుని వాడుకోవడం తప్పని నేనిప్పటికీ అనుకోను.

మరుసటి ఆదివారం కోడలు దాన్ని రిపేరు కొట్టుకు తీసుకెళతానంది. అబ్బాయికి డ్యూటీ. కడుపుతో ఉన్న మనిషిని ఆ సందుల్లో, తోపుడుబళ్ల మధ్య ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేను వెంట వెళ్లాను. పెట్టెను చీర గుడ్డలో చుట్టి సంచిలో పెట్టి నేనే పట్టుకున్నాను. ఆ సంచి కూడా ఆమె మొయ్యకూడదు కదా.

కొట్టంటే ఒక మేడ మెట్ల కింద గూడు. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ స్టూళ్లు. నన్ను లోపలి స్టూలు మీద, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నా ముందు కోడలు, ఆమె ముందు బల్ల, బల్ల అవతల మెకానిక్. నలభై ఏళ్లు దాటినవాడు, నెమ్మదస్తుడు. చాలాసేపు ఏవేవో తెరిచి చూశాడు. చివరికి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“మేడమ్, మీ మిషన్‌లో ఏ లోపమూ లేదండీ. రోజూ సాయంత్రం మీరు కట్టేసేటప్పుడు మీ కంపెనీ వాళ్లు పంపించిన అప్‌డేట్ ఏదో ఎక్కుతోంది. రెండు నెలల నుంచీ. అది పూర్తి కావడానికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. మధ్యలో కరెంటు పోతోంది. బ్యాటరీ లేదు కాబట్టి టప్‌మని ఆగిపోతోంది. సగంలో ఆగిందాన్నంతా పొద్దున్నే వెనక్కి విప్పుకుంటోంది. అందుకే ఆ ఆలస్యం.”

“మాకు సాయంత్రం కరెంటు పోదండీ.”

“పోతోంది మేడమ్. ఇందులో పడి ఉంది చూడండి. నిన్న ఆరూ నలభై. మొన్న ఆరూ ముప్పై ఐదు. అంతకుముందు రోజు ఆరూ నలభై. ఎవరో గడియారం చూసుకుని తీసేసినట్టు ఉంది.”

మాది పామర్రు పక్క నేతపని చేసే ఇల్లు. నేను మూడో తరగతి వరకే చదివాను గానీ, నేతలో తప్పు పడితే నేసినంత మేరా పోగు పోగుగా వెనక్కి విప్పాలని బడికి వెళ్లకముందే నాకు తెలుసు. కాబట్టి ఆయన చెప్పింది నాకు ఇట్టే అర్థమైంది. ఆరూ నలభై అనగానే ఎవరి చెయ్యో కూడా అర్థమైంది. ఆ చెయ్యి నా ఒళ్లో, ఖాళీ సంచి మీద ఉంది.

పెళ్లయి విజయవాడ వచ్చాక ముప్పై ఏళ్లు నేను బట్టల గోడౌన్‌లో మడతపని చేశాను. బేళ్లు విప్పి, చీరలు మడిచి, చీటీలు కట్టేవాళ్లం. గోడౌన్‌లో ఒకటే కట్టుబాటు. ఆఖరున బయటికొచ్చే మనిషి మెయిన్ స్విచ్చి కట్టేయాలి, కట్టిన చెయ్యి కళ్లకద్దుకోవాలి, ఆ తర్వాతే తాళం వేయాలి. గుడ్డల మధ్య ఒక్క నిప్పురవ్వ చాలు. పక్క సందులో ఒక గోడౌన్ కాలిపోయినప్పుడు ఆ బూడిద మా తలుపుల మీద కూడా పడింది. ఆనాటి నుంచీ ఆఖరి మనిషిని నేనే అయ్యాను, ఇంకొకరిని నమ్మలేక. పని మానేసి ఇంట్లో కూర్చున్నా చెయ్యి మానలేదు. సాయంత్రం దీపం పెట్టబోయే ముందు మూడు గదులూ తిరిగి, మనిషి లేనిచోట వెలుగుతున్నది ఏదైనా కట్టేస్తాను. కోడలు ఆరున్నరకు పెట్టె మూత వేసి లేచి, నడిమి గదిలో కాసేపు నడుం వాల్చేది. మూత పడిందంటే పని అయిపోయిందనే నా లెక్క. లోపల ఏదో జరుగుతూ ఉంటుందని నాకెవరు చెప్పారు? బల్ల కింద నేలకు జానెడెత్తున ఉన్న స్విచ్చి వంగి కట్టేసేదాన్ని. తెల్లవారుజామున ఊడ్చేటప్పుడు నేనే మళ్లీ వేసేదాన్ని, ఆ పిల్ల అంత కిందికి వంగక్కర్లేకుండా. అందుకని అది రాత్రంతా ఆగి ఉంటుందని ఆమెకు ఎన్నడూ తెలియలేదు.

ఇది అక్కడే, ఆ గూట్లోనే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ‘ఆ పెట్టె తగలబడిపోతే’ అన్న నా గొంతు నాకే వినపడింది. అని ఇంకా రెండు వారాలు కాలేదు. ఇప్పుడు ‘నేనే కట్టేశాను’ అంటే ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఎవరైనా ఏమనుకుంటారు? ముసలిది దారి కోసం కోడలి పొట్ట కొట్టిందనుకుంటారు. లేచి బయటికి పోదామన్నా నా ముందు కోడలి స్టూలు, దాని ముందు బల్ల. గోడకు ఆనుకుని అలాగే కూర్చున్నాను.

“మీరు దీన్ని పెట్టే గది లైను ఇంకెవరితోనైనా కలిసి ఉందేమో కనుక్కోండి” అన్నాడు మెకానిక్.

ఇంటికొచ్చాక కోడలు పెట్టెను మళ్లీ తీగకు తగిలించింది. ఆ సాయంత్రం నేను స్విచ్చి కట్టలేదు. ఇంకెన్నడూ కట్టనని అనుకున్నాను. పెట్టె బాగుపడుతుంది, ఉద్యోగం నిలబడుతుంది, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. అలా గడిచిపోతుందనుకున్నాను. కానీ మెకానిక్ చివర అన్న మాటను కోడలు అబ్బాయికి చెప్పింది. వాడు పాత మేడ తీగలన్నీ తడిమి చూసి, మా ముందు గది లైనూ కింద దర్జీ కొట్టు లైనూ ఒకే చోట నుంచి వస్తున్నాయని తేల్చాడు. అదే సాయంత్రం కిందికి దిగాడు. నేను మెట్ల పైన నిలబడ్డాను.

కింద ఉండే దర్జీ గారు ఇరవై ఏళ్లుగా మా పొరుగు. ఆయన్ను మేమంతా భాయ్ అంటాం. జాకెట్లు కుడతారు. మోటారు మిషనుతో పాటు పెద్ద ఇస్త్రీపెట్టె కూడా ఉంది. మా అబ్బాయి పదో తరగతి పరీక్షలకు వేసుకెళ్లిన చొక్కా ఆయన కుట్టిందే.

“సాయంత్రం ఆరున్నరకు మీరు ఇస్త్రీ పెట్టె వేస్తారు. ఆ టైముకే మాకు పైన కరెంటు పడిపోతోంది భాయ్. మా ఆవిడ ఉద్యోగం పోయేట్టుంది.”

“ఇరవై ఏళ్ల నుంచి వేస్తున్నా బాబూ. అప్పుడు పడనిది ఇప్పుడెందుకు పడుతుంది?”

“మిషన్‌లో టైముతో సహా రాసి ఉంది. కావాలంటే చూపిస్తా.”

ఆయన తల ఎత్తి పైకి చూశారు. నన్ను చూశారు. నేనేదైనా అంటానని కాబోలు. నేను పమిట సర్దుకున్నాను.

“ఉద్యోగం అంటున్నావు కాబట్టి సరే” అన్నారాయన. “వారం రోజులు ఆరింటికే మిషనూ ఇస్త్రీ అన్నీ కట్టేస్తా. చూసుకో. బాగుపడకపోతే నా మాట నమ్ముదువుగాని.”

బాగుపడింది. ఎందుకు బాగుపడదు? ఆ ఆదివారమే ఎక్కాల్సింది ఎక్కేసింది. సోమవారం పొద్దున పెట్టె నాలుగైదు నిమిషాల్లో లేచింది. మంగళవారం కూడా. కోడలు మళ్లీ ఏడింటిదాకా పడుకోవడం మొదలుపెట్టింది. అబ్బాయి నా ఎదురుగా కూర్చుని, “చూశావా అమ్మా, నేను చెప్పలే? ఇన్నాళ్లూ ఆయన మిషనే మన కొంప ముంచింది” అన్నాడు. “ఇక ఎప్పటికీ సాయంత్రం కట్టేయాల్సిందేనని చెప్పొస్తా” అని దిగి, చెప్పొచ్చాడు. భాయ్ ఏమన్నారని అడిగాను. తల ఊపారట.

మాఘమాసం, ముహూర్తాల రోజులు. జాకెట్లు కొలతలిచ్చేదీ పట్టుకుపోయేదీ సాయంత్రాలే. ఆయన కొట్టు ఆరింటికే చీకటైపోయేది. బయట మెట్టు మీద, వీధి దీపం వెలుగులో కూర్చుని చేత్తో హుక్కులు కుట్టుకునేవారు. ఇద్దరాడవాళ్లు వచ్చి, రేపటికి కావాలని అడిగి, కుదరదంటే గుడ్డలు వెనక్కి తీసుకుని పోవడం నేను వరండాలోంచి చూశాను. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. ఒకసారి తలెత్తి, “పైన బాగుందా పెద్దమ్మగారూ పెట్టె?” అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. “బాగుంది” అన్నాను.

అక్కడి నుంచి వరండాలోకి వెళ్లడం మానేశాను. పొద్దుట మీటింగు ఉన్నంతసేపూ నడిమి గదిలో ఎలాగూ కట్టడి. ఇప్పుడు సాయంత్రం కూడా నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. కూరలకు దిగలేదు. దిగితే మెట్టు మీద ఆయన్ను దాటుకుని పోవాలి. ఇంట్లో ఉన్న పప్పులతోనే నెట్టుకొచ్చాను. ఒంట్లో బాలేదా అని కోడలు అడిగింది. మోకాళ్లన్నాను.

చెప్పకుండా ఆయన్ను విడిపించే దారి ఏదైనా ఉందా అని మంచం మీద కూర్చుని ఆలోచించేదాన్ని. నాకు తోచింది ఒక్కటే. భాయ్ మిషను ఆగిపోయి ఉన్న వేళ మా పెట్టె మళ్లీ ఒక్కసారి చస్తే, తప్పు ఆయనది కాదని అబ్బాయికి తేలిపోతుంది. దానికి నేను చేయాల్సింది నాకు బాగా అలవాటైన పనే.

సరిగ్గా ఎనిమిదో రోజు, ఆదివారం. ముందు రోజు తక్కువైన పని పూర్తిచేయమని కోడలికి ఆ ఆదివారం కూడా డ్యూటీ వేశారు. ఆరున్నరకు ఆమె మూత వేసి, ఇవాళ మళ్లీ ఏదో ఎక్కుతోంది, ముప్పావుగంట ముట్టుకోవద్దని నాతో చెప్పి స్నానానికి వెళ్లింది. అబ్బాయి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నేను బల్ల కిందికి వంగాను. వంగితే అందలేదు, మోకాళ్ల మీద కూర్చుని దూరాను. స్విచ్చి మీద వేలు పెట్టాను.

అప్పుడు లెక్క వేశాను. కట్టేస్తే భాయ్ బయటపడతారు. రేపు సోమవారం. కోడలు ఏడింటిదాకా పడుకుంటుంది, పెట్టె బాగైందన్న ధీమాతో. ఎనిమిదింటికి మీట నొక్కుతుంది. తొమ్మిదిన్నరకు గానీ లేవదు. ఉద్యోగం పోతుంది. నా మాట ఒక్కటి దాచుకోవడానికి ఆయన బేరం ఇచ్చాను, ఇప్పుడు ఆయన కోసమని చెప్పి ఈ పిల్ల ఉద్యోగం ఇస్తాను. వేలు తీయలేదు, నొక్కలేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. వెనక్కి రాబోతే మోకాళ్లు పట్టేశాయి.

“ఏం చేస్తున్నారు అత్తయ్యా అక్కడ?”

ముందు నాకు కనపడింది ఆమె తడి పాదాలు. ఉంగరం పడిపోయిందని అనొచ్చు. చీపురుపుల్ల కోసమని అనొచ్చు. రెండూ నాలుక మీదికి వచ్చాయి.

“ఈ స్విచ్చి రోజూ సాయంత్రం నేనే కట్టేసేదాన్ని” అన్నాను. “భాయ్ మిషను కాదు. నేను.”

“ఇప్పుడు కట్టేశారా?”

“లేదు.”

వంగొద్దంటున్నా వినకుండా వంగి చూసింది. ఛార్జరు దీపం వెలుగుతోంది. కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. నేను కుర్చీ కాళ్లకీ గోడకీ మధ్య, నేల మీద ఉన్నాను. నన్ను లేవమని గానీ, తను జరగడం గానీ చేయలేదు.

“మీకు ఎప్పటి నుంచి తెలుసు?”

“రిపేరు కొట్లో ఆయన టైము చెప్పినప్పటి నుంచి.”

“అంటే వారం. వారం రోజులు భాయ్‌ని అలా కూర్చోబెట్టారు.”

“అవును.”

“ఈ పెట్టె తగలబడాలన్నారు ఆ రోజు.”

“అన్నాను. అన్నాను కాబట్టే చెప్పలేకపోయాను. నువ్వు నమ్మవని.”

“ఇప్పుడు మాత్రం ఎందుకు నమ్మాలి? చెయ్యి స్విచ్చి మీదుంది మీది.”

గోడౌన్ సంగతి చెప్పాను. మూత వేస్తే పని అయిపోయిందనుకున్నానని చెప్పాను. పొద్దున్నే మళ్లీ ఎందుకు వేసేదాన్నో చెప్పాను. ఇప్పుడు ఎందుకు వేలు పెట్టానో కూడా చెప్పాను, అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆమె ముఖం నాకు కనపడలేదు. బల్ల అడ్డం. ఆమె పాదాలు మాత్రం కదలకుండా ఉన్నాయి.

ముప్పావుగంటా అలాగే గడిచింది. లోపల ఫ్యాను తిరిగే చప్పుడు, బల్ల చెక్కలోంచి నా తలకు తెలుస్తూనే ఉంది. అది ఆగాక ఆమె మూత ఎత్తి చూసి, మళ్లీ వేసి, కుర్చీ వెనక్కి జరిపింది. చెయ్యి ఇచ్చి లేపింది. లేపి వెంటనే వదిలేసింది.

“మీ అబ్బాయికి నేను చెప్తాను. భాయ్‌కి మాత్రం మీరే వెళ్లి చెప్పండి. ఇప్పుడే.”

గోడ పట్టుకుని మెట్లు దిగాను. ఆయన మెట్టు మీద జాకెట్టు అంచు కుడుతున్నారు. నేను నిలబడే చెప్పాను. చెప్పడం అయ్యేదాకా ఆయన సూది ఆపలేదు. చివర దారం పళ్లతో తెంచి, “నా మిషను కాదుగా?” అని అడిగారు.

“కాదు.”

“ఆ రోజు మీరు పైనే ఉన్నారు.”

“ఉన్నాను.”

“నాలుగు పెళ్లిళ్ల బట్టలు వెనక్కి పోయాయి పెద్దమ్మగారూ. పోతే పోయాయి. మీ అబ్బాయి చెప్పింది నిజమేనేమోనని నేను కూడా అనుకున్నాను. కొత్త మోటారు వేయించాలేమోనని మా ఆవిడతో అంటున్నా ఇందాకే.”

తప్పయిందన్నాను. ఆయన ఫరవాలేదనలేదు. లోపలికి వెళ్లి దీపం వేశారు.

మర్నాడు పొద్దున అబ్బాయి డ్యూటీకి పోతూ కింద ఆగి, కొట్టు తలుపు దగ్గర నిలబడి భాయ్‌తో ఏదో చెప్పాడు. ఆయన విని, కత్తెర పక్కన పెట్టి, వాడి భుజం తట్టి పంపించారు. నాతో అబ్బాయి వెళ్లొస్తానని కూడా అనలేదు. కోడలు ఎనిమిదింటికి బల్ల దగ్గర కూర్చుంది. పెట్టె ఐదు నిమిషాల్లో తెరుచుకుంది. ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి హాజరు పడింది. నేను వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగాను.